6–9 ఏళ్ల పిల్లలు 12 మంది: తుఫాను పాఠం 40 నిమిషాల్లో ఎలా నడపాలి?

కొత్త టీచరు: అందరికీ వందనాలు. పెద్దల ఆరాధన జరుగుతుండగా పక్క గదిలో నడిచే పిల్లల గుంపును మా పాస్టరు గారు నాకు అప్పగించారు. వచ్చే ఆదివారం పాఠం మార్కు 4:35–41 (పడవలో నిద్రపోతున్న యేసు లేచి తుఫానును ఆపిన కథ), కంఠత వాక్యం కీర్తన 56:3. కథ సగానికొచ్చేసరికి చిన్నవాళ్లు లేచిపోతారు. జవాబులన్నీ పెద్దపిల్లలే చెప్పేస్తారు. సగం మందికి తెలుగు చదవడం రాదు. సలహా చెప్పండి.

సండే స్కూల్ అక్క: వందనాలు సిస్టర్. కథకు 10 నిమిషాలు దాటనివ్వకండి. ఆ వయసువాళ్లు అంతకుమించి కదలకుండా వినలేరు. చదివి వినిపించే బదులు వాళ్లచేతే చేయించండి. నేలమీద సుద్దముక్కతో పడవ గీసి అందరినీ అందులో కూర్చోబెట్టండి. వెనకవైపు ఒక బాబు తలగడ మీద పడుకోవాలి (38వ వచనంలో తలగడ ఉంది). బాగా కదిలే పిల్లాడికే ఆ పని ఇవ్వండి. మొదట ఒక్క వేలితో అరచేతిమీద కొట్టిస్తే చినుకులు, తర్వాత నాలుగు వేళ్లు, ఆఖరున తొడలు చరిస్తే గాలివాన. మీరు చెయ్యెత్తి “నిశ్శబ్దమై ఊరకుండుము” అనగానే అంతా ఆగాలి. ఈ సైగను కథకు ముందే రెండుసార్లు అలవాటు చేయించండి, లేకపోతే గోల ఆగదు, పక్కన ప్రసంగానికి అడ్డం. ఆగాక వెంటనే మాట్లాడకండి, ఆ నిమ్మళాన్ని వాళ్లను కాసేపు విననివ్వండి.

ప్రశ్న వేశాక చేతులెత్తించకుండా, జవాబు పక్కవాళ్ల చెవిలో చెప్పమనండి. అప్పుడు ఆరేళ్ల పాపకూ వంతు వస్తుంది.

వాక్యం టీచర్: “ఆశ్రయించుచున్నాను” అంటే ఏంటో తెలియకుండా వల్లె వేయిస్తే వారం తిరక్కముందే మరచిపోతారు. ముందు “భయమేసిన రోజు నీ దగ్గరికే వస్తాను” అని వాడుక మాటలో చెప్పించి, తర్వాత బైబిలు మాటకు వెళ్లండి. నాలుగు అట్టముక్కలు చాలు: నాకు భయము / కలుగు దినమున / నిన్ను / ఆశ్రయించుచున్నాను. ఒక్కోదానికి ఒక సైగ పెడితే చదవలేనివాళ్లూ కలుస్తారు. చెప్పిన ప్రతిసారీ ఒక అట్ట బోర్లించండి. వాక్యం చెప్పినవాళ్లకే చాక్లెట్టు అనే పద్ధతి మాత్రం వద్దు, ప్రతివారం ఆ నలుగురికే అందుతుంది.

కొత్త టీచరు: చివర్లో “మీకు దేనికి భయం?” అని అడగొచ్చా?

సండే స్కూల్ అక్క: తప్పకుండా అడగండి, ఈ పాఠమంతా అందుకే. కాకపోతే కొందరు చీకటి, కుక్కలు అంటారు, ఒకరు “నాన్న కొడతాడు” అనొచ్చు. అందరి ముందూ గుచ్చి అడగకండి, “ఎవరికీ చెప్పను” అని మాటా ఇవ్వకండి. తర్వాత తలుపు తెరిచి ఉంచి, రెండో టీచరు కనిపించేంత దూరంలో ఉండగా, ఆ బిడ్డ చెప్పినంతవరకు వినండి. అదే రోజు ఆ మాటలు ఉన్నవున్నట్టు రాసి పాస్టరు గారికి తెలియజేయండి. దెబ్బలు కనిపించినా, ఇంటికి పంపడం ప్రమాదమనిపించినా 1098కి (పిల్లల సహాయానికి ఉన్న ఫోన్ నంబరు) ఫోన్ చేయండి. గదిలో ఇద్దరు పెద్దవాళ్లు లేని రోజు పిల్లల్ని ఆరాధనలోనే తల్లిదండ్రుల దగ్గర కూర్చోబెట్టండి.