అయిదేళ్ల పిల్లకి కంఠత వాక్యం: పాత తెలుగులోనా, వాడుక తెలుగులోనా?

బుజ్జిఅమ్మ: మా పాపకి అయిదేళ్లు. సండే స్కూల్లో ఈ నెలకి 23వ కీర్తన ఇచ్చారు, ఆరు వచనాలు. వారం నుంచి మొదటి వచనం దగ్గరే ఉన్నాం. "యెహోవా నా కాపరి, నాకు ఏమీ కలుగదు" అంటోంది. ఏమీ కాదే, లేమి అని సరిదిద్దితే "లేమి అంటే ఎవరు?" అని అడిగింది. వాడుక భాష బైబిల్లోంచి నేర్పనా, పాతదే పట్టుకోనా? మా అత్తయ్యగారు పాతదే అంటున్నారు.

తెనాలి_తాతయ్య: పాతదే అమ్మా, సందేహం వద్దు. చర్చిలో చదివేది అదే, కూడికల్లో వినేదీ అదే. మా చిన్నప్పుడు రాత్రి కుటుంబ ప్రార్థనలో నాన్నగారు సగం వచనం చెప్పి ఆగేవారు, మిగతా సగం మేం అందుకోవాలి. అందుకోని వాళ్లకి ఆఖర్న అన్నం. అయిదుగురం పిల్లలం, ఒక్కరం చెడిపోలేదు. ఇంకో మాట, రిఫరెన్సు, అంటే ఏ పుస్తకం, ఎన్నో అధ్యాయం, ఎన్నో వచనం అన్నది, ముందొకసారి, చివర ఒకసారి చెప్పించండి. రిఫరెన్సు లేకపోతే అది వాక్యం చెప్పినట్టు కాదు.

రాత్రిబస్సు: చెడిపోలేదని మీరు చెబితే ఎలా తాతగారూ, మిగతా నలుగుర్నీ అడగాలి. అయినా అయిదేళ్ల పిల్లకి అంకెలెందుకు? కొత్త నిబంధనకి ఇప్పుడున్న వచనాల అంకెలు 1551లో రోబేర్ ఎస్తియెన్ అనే ప్రింటరు వేశాడు. పౌలు ఉత్తరాలు నంబర్లు వేసి రాయలేదు.

తెనాలి_తాతయ్య: 23వ కీర్తన పాత నిబంధనలోది. కొత్త నిబంధన సంగతి ఎందుకు తెచ్చారు?

పక్కింటి_పిన్ని: మేం క్రైస్తవులం కాదు, అయినా చెబుతా. శుక్లాంబరధరం నాకు నాలుగేళ్లకే వచ్చు, అర్థం తెలిసింది పదో తరగతిలో. నష్టమేమీ జరగలేదు.

సండేస్కూల్_అక్క: పన్నెండేళ్లుగా చిన్న పిల్లల క్లాసు చూస్తున్నా. రెండు రోజులు "యెహోవా నా కాపరి" వరకే చాలు. మీరు చెబుతూ చివరి మాట మింగేయండి, పాప అందుకుంటుంది. తర్వాత రెండు మాటలు మింగండి. చేతులు కూడా కలపండి. కాపరికి కర్ర పట్టుకున్నట్టు, లేమికి ఖాళీ అరచేయి, కలుగదుకి వేలు అడ్డంగా ఊపడం. లేమి అంటే ఏంటో వంటింట్లో ఖాళీ డబ్బా మూత తీసి చూపించండి. వచ్చేసిందని వదిలేయకుండా మర్నాడు, నాలుగో రోజు, వారానికి మళ్లీ అడగండి. చాక్లెట్ ఆశ మాత్రం పెట్టొద్దు, అది ఆపిన రోజు వాక్యమూ ఆగుతుంది. రిఫరెన్సు ఏడెనిమిదేళ్లప్పుడు నేర్పొచ్చు.

రాత్రిబస్సు: ఎలా నేర్పినా బట్టీ బట్టీయే కదా అక్కా.

సండేస్కూల్_అక్క: బట్టీ అని తీసిపారేయకండి. 119వ కీర్తన చూడండి. 176 వచనాలు, హీబ్రూ అక్షరాలు 22, అక్షరానికి ఎనిమిది వచనాలు, హీబ్రూలో ఆ ఎనిమిదీ ఆ అక్షరంతోనే మొదలవుతాయి. అలా వరసగా ఉంటే గుర్తుపెట్టుకోవడం సులువు.

తెనాలి_తాతయ్య: మా సంఘం పోటీల్లో రిఫరెన్సుకి విడిగా మార్కులున్నాయి. ఏడెనిమిదేళ్ల దాకా ఆగితే పిల్ల వెనకబడుతుంది.

రాత్రిబస్సు: పోటీ! ఇప్పుడు వచ్చారు అసలు దారికి. నాకు ఏడేళ్లప్పుడు క్రిస్మస్ కార్యక్రమంలో లూకా 2వ అధ్యాయం చెప్పమన్నారు. కొత్త చొక్కా, మెడ దగ్గర దురద. "ఆ దేశములో కొందరు" అని ఆగిపోయా. మైకులో నా ఊపిరి వినిపిస్తోంది. ముందు వరసలో నాన్న నోరు కదుపుతూ అందిస్తున్నారు, నాకు ఆయన పళ్లు తప్ప ఏమీ కనిపించలేదు. ఇంటికెళ్లాక స్కేలు. ఆ వచనం ఇప్పుడు నిద్రలో లేపినా చెబుతా, చర్చికి వెళ్లి మాత్రం పదకొండేళ్లయింది. "తండ్రులారా, మీ పిల్లలకు కోపము రేపక", ఎఫెసీయులకు 6:4. రిఫరెన్సు కూడా ఇచ్చా, మార్కులేసుకోండి.

తెనాలి_తాతయ్య: మీ నాన్నగారి మీద కోపం వాక్యం మీద చూపించకండి. మీలాంటి వాళ్ల వల్లే ఈ కాలం పిల్లలకి ఒక్క వచనం నోటికి రావడం లేదు.

రాత్రిబస్సు: మీలాంటి వాళ్ల వల్లే మాలాంటి వాళ్లం బయట ఉన్నాం.

బుజ్జిఅమ్మ: అయ్యా, నేను అడిగింది ఏ బైబిల్ అని.

తెనాలి_తాతయ్య: సరే అమ్మా, చెబుతా. నా మనవడు డల్లాస్‌లో ఉంటాడు, ఆరేళ్లు. తెలుగు రాదు. వీడియో కాల్‌లో "హాయ్ తాతా" అయ్యాక ఇద్దరికీ మాటలుండవు. నేను "యెహోవా నా కాపరి" అంటాను, వాడు "నాకు లేమి కలుగదు" అని నవ్వుతాడు. మా ఇద్దరికీ ఉన్న తెలుగు అంతే. మొన్న మా అమ్మాయి, ఇక ఇంగ్లీషులో నేర్పుతాం నాన్నా, వాడికి అర్థం కావాలి కదా అంది. మీ ప్రశ్న చూసేసరికి అదే గుర్తొచ్చి కాస్త గట్టిగా మాట్లాడాను. రిఫరెన్సు విషయంలో మాత్రం నా మాట నాదే.

రాత్రిబస్సు: ఇది ముందే చెప్పొచ్చు కదండీ. మనవడితో మాట్లాడాలంటే వాక్యమే కావాలా? ఆవకాయ గురించి మాట్లాడండి.

తెనాలి_తాతయ్య: ఆవకాయ చూస్తే ఏడుస్తాడండీ వాడు.

బుజ్జిఅమ్మ: అక్క చెప్పినట్టు చేశా. బియ్యం డబ్బా నిండుగా ఉంది, పంచదార డబ్బా చూపించా. ఇప్పుడు ఇంట్లో ఏది అయిపోయినా "అమ్మా, లేమి కలిగింది" అని అరుస్తోంది. నిన్న పేస్టు, ఇవాళ అత్తయ్యగారి ఫోన్లో చార్జింగు. పాతదే నడుస్తోంది. రెండో వచనంలో "పరుండజేయుచున్నాడు" దగ్గర ఆగాం, దానికి ఏ డబ్బా చూపించాలో ఎవరైనా చెప్పండి.