రొయ్యల చెరువుల విషయంలో నిపుణుల మాటే చివరి మాటా?

ఇందుకూరుపేట రైతు:
అందరికీ నమస్కారం. మొన్న రొయ్యల పట్టుబడి అయ్యాక గట్టు మీద మొదలైన వాదన ఇది. తీరంలో రొయ్యల సాగుకు రూల్స్ పెట్టేది కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ. 2005లో చట్టం రాసినప్పుడు అందులో ఎవరెవరు కూర్చోవాలో చెప్పారు. పైన హైకోర్టు జడ్జి లేదా రిటైరైన జడ్జి, ఆ తర్వాత తీర సాగు నిపుణుడు ఒకరు, తీర జీవావరణం తెలిసినవారు ఒకరు, కాలుష్య నియంత్రణ తెలిసినవారు ఒకరు, వ్యవసాయ, వాణిజ్య శాఖల మనుషులు, వంతులవారీగా తీర రాష్ట్రాల నుంచి నలుగురు, ఒక సభ్య కార్యదర్శి. చెరువు చేసేవాడికి అని ఒక్క కుర్చీ కూడా రాయలేదు.

వెనామీ రకం రొయ్య పిల్ల చదరపు మీటరుకు 60కి మించకూడదన్నారు, మంచి రూలే. కానీ నలభయ్యో రోజు తెల్లారుజామున మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే ఎత్తితే వేసిన మేత వేసినట్టే ఉండి, రొయ్య తలపెంకు మీద ఉప్పు రవ్వల్లా తెల్లమచ్చలు కనిపిస్తే కాళ్లు వణికేది మాకు. సలహా చెప్పేవాళ్ల వరసలో మేమెందుకు ఉండకూడదు?

గూడూరు ల్యాబ్:
అన్నా, కుర్చీ అడగడం న్యాయమే. కానీ నిపుణుల్ని తక్కువ చేయొద్దు. 1994-95లో టైగర్ రొయ్యకు వైట్‌స్పాట్, అదే ఆ తెల్లమచ్చల జబ్బు, వచ్చి ఎన్ని కుటుంబాలు అప్పుల్లో కూరుకుపోయాయో మీకు నేను చెప్పాలా? ఆ దెబ్బ తిన్నాక వెనామీ కావాలన్నాం. అది మన సముద్రపు రొయ్య కాదు, మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరానిది. దానితో పాటు టారా వైరస్ లాంటి కొత్త జబ్బు దిగితే మన రొయ్యలకూ గండమే. అందుకే 2003లో ప్రయోగంగా కొద్దిమందికే అనుమతించారు. చెన్నైలోని ఉప్పునీటి ఆక్వా పరిశోధన సంస్థ సీబా, లక్నోలోని జాతీయ చేపల జన్యు వనరుల సంస్థ శాస్త్రవేత్తలు ప్రమాదం ఎంతో లెక్కగట్టాక, 2009లో గానీ పెద్ద ఎత్తున ఒప్పుకోలేదు. అప్పుడు కూడా తల్లి రొయ్యలు చెన్నై క్వారంటైన్ దాటాకే పిల్ల తీసే హ్యాచరీకి వెళ్లాలన్నారు.

నేను రోజూ పిల్లకు వైరస్ ఉందో లేదో తేల్చే పీసీఆర్ పరీక్ష చేస్తాను. పాజిటివ్ వస్తే "ఇంకోసారి చూడు తమ్ముడూ" అని బతిమాలతారు. అప్పు తెచ్చి కొన్న సీడ్ మరి, వాళ్ల బాధ అర్థమవుతుంది. కానీ మాట వాళ్లదే అయితే ఆ పిల్ల చెరువులోకి వెళ్లిపోతుంది, పక్క చెరువులూ పోతాయి.

అల్లూరు వరి:
మీరిద్దరూ మమ్మల్ని మరిచిపోయారు. మాది వరి. పక్క చేను రొయ్యల చెరువైన మూడో ఏడు మా బోరు నీళ్లు ఉప్పెక్కి నోట్లో పెట్టుకోలేకపోయాం. అమ్మ ఇప్పటికీ బిందె పట్టుకుని ఊరి అవతలికి పోతుంది. అర్జీ పెడితే రసీదు ఇచ్చారు, మనిషి రాలేదు.

రైతుకు కుర్చీ అంటున్నారు, ఏ రైతుకు? మా తరఫున గట్టిగా రాసింది నిపుణులే. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ బృందం మన తీరం, తమిళనాడు తీరం తిరిగి చూసి, చెరువుల వల్ల నష్టం రాబడి కంటే ఎక్కువని తేల్చింది. ఆ నివేదికల్ని ముందు పెట్టుకునే సుప్రీంకోర్టు 1996 డిసెంబర్ 11న తీర నియంత్రణ జోన్‌లో సంప్రదాయ పద్ధతిలో చేయని చెరువుల్ని తీసేయమంది. 2005 చట్టం వచ్చి, ఆ జోన్ రూల్స్ పెట్టిన 1991 నాటి నుంచే వర్తించేలా రొయ్యల సాగును ఆ నిషేధం నుంచి తప్పించింది. నిపుణుల మాటే చివరిదైతే ఇవాళ మా బోరు తియ్యగా ఉండేది.

కావలి మాస్టారు:
అల్లూరు అబ్బాయి అసలు సంగతి పట్టుకున్నాడు. సలహా నిపుణులది, నిర్ణయం ప్రభుత్వానిది. సలహాను పక్కన పెడితే ఎందుకు పెట్టారో జనానికి చెప్పాలి. పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన బీటీ వంకాయకు 2009 అక్టోబర్‌లో నిపుణుల కమిటీ సరేనంది. అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ హైదరాబాద్‌తో సహా ఏడు నగరాల్లో రైతుల్నీ శాస్త్రవేత్తల్నీ కూర్చోబెట్టి విన్నారు. 2010 ఫిబ్రవరిలో ఆపేస్తూ కారణాలన్నీ రాసి బయటపెట్టారు. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, చదువుకోవడానికి కాగితం ఉంది. మన తీరం గురించి అలాంటి సభ నెల్లూరులోనో ఒంగోలులోనో ఎందుకు పెట్టకూడదు?

గూడూరు ల్యాబ్:
మాస్టారూ, ఆ వంకాయ అప్పుడు ఆగింది ఇప్పటికీ ఆగే ఉంది. ఆపాక ఇంకా ఏమేం పరీక్షలు చేయాలి, ఎప్పటిలోగా చేయాలి అన్నది తేల్చకపోతే సభ పెట్టి ఏం లాభం? నేను దీనికి ఒప్పుకోను.

ఇందుకూరుపేట రైతు:
రైతు కుర్చీ అన్నప్పుడు నా కళ్ల ముందు చెరువు రైతే ఉన్నాడు, అది నా తప్పే. వరి రైతుకూ వేటకు పోయే మత్స్యకారుడికీ చోటు లేకుండా నాకు మాత్రం వద్దు. పీసీఆర్ రిజల్టు మీద ఓటు పెట్టమని కూడా నేను అనను. పిల్ల వదిలాక చెరువులో ఏం జరుగుతోందో, మురుగు ఎటు పోతోందో మా దగ్గర వినమంటున్నా, అంతే. అల్లూరు తమ్ముడూ, ఆ బోరులో ఉప్పు ఎంతుందో ఎవరైనా కొలిచారా?

అల్లూరు వరి:
లేదన్నా. నాలుకతో చూసిందే.

గూడూరు ల్యాబ్:
బోరు పది నిమిషాలు పోనిచ్చి, శుభ్రమైన లీటరు సీసా అదే నీళ్లతో తొలిచి పట్టుకురా. డబ్బులేం వద్దు. తేదీ, బోరు లోతు, చెరువు ఎంత దూరమో సీసా మీద రాయి. ఒకటి కాదు, మీ వీధిలో ఎన్ని బోర్లు ఉంటే అన్నీ తే.