ఆప్షనల్ భాగం ఫెయిలైతే బిల్డ్ ఆగాలా, సాగాలా?

బిల్డ్‌రాజు: పైథాన్‌ను సోర్స్ నుంచి కంపైల్ చేశాను. మేక్ (బిల్డ్‌ను నడిపే కమాండ్) సాఫీగా అయిపోయింది, ఎర్రర్ ఒక్కటీ లేదు. కొన్నాళ్ళకు ఒక స్క్రిప్టు "_ఎల్‌జెడ్‌ఎంఏ అనే మాడ్యూల్ లేదు" అంటూ ఆగిపోయింది (డేటాను కుదించే మాడ్యూల్ అది). లాగ్ తిరగేస్తే, ఫలానా ఆప్షనల్ మాడ్యూళ్ళకు కావలసినవి దొరకలేదని చివర్లో ఒక జాబితా. అంత లాగ్ ఎవరు చదువుతారండీ? ఏ ముక్క ఫెయిలైనా బిల్డ్ ఆగాల్సిందే అంటాను.

సీమేక్‌సాధు: ఒప్పుకోను. అదే పైథాన్‌లో టీకేఇంటర్ కూడా ఆప్షనలే. స్క్రీనే లేని సర్వర్ మీద విండోలు గీసే లైబ్రరీ కోసం బిల్డ్ ఆపేస్తే ఎవరికి లాభం? జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే ఎన్‌పీఎంలో ఆప్షనల్‌డిపెండెన్సీస్ పెట్టింది ఇందుకే, అందులో ఒకటి ఫెయిలైనా ఇన్‌స్టాల్ సాగుతుంది. జావాస్క్రిప్ట్ ఫైళ్ళను కలిపి కట్టే ఈఎస్‌బిల్డ్ తన బైనరీలను ప్లాట్‌ఫాంకొక ప్యాకేజీగా ఆ దారిలోనే పంపుతోంది.

ప్యాకేజీ_పని: మీరిద్దరూ రెండు సంగతుల్ని ఒకే గాటన కడుతున్నారు. లైబ్రరీ దొరకలేదంటే అది ఆ మెషిన్ పరిస్థితి. దొరికింది కానీ కంపైల్ కాలేదంటే అది బగ్. పైథాన్ ప్యాకేజీలు కట్టే సెటప్‌టూల్స్‌లో ఎక్స్‌టెన్షన్‌కు (సీలో రాసిన భాగానికి) ఆప్షనల్=ట్రూ అని పెట్టారంటే ఈ తేడా చెరిగిపోతుంది. సీ ఫైల్లో సెమికోలన్ మరిచినా బిల్డ్ పాసే! ప్యాకేజీలో ప్యూర్ పైథాన్ ఫాల్‌బ్యాక్ (అదే పని చేసే ప్రత్యామ్నాయ కోడ్) ఉంటే టెస్టులూ పాసవుతాయి, వేగం మాత్రం చచ్చిపోతుంది. ఫిర్యాదులు వచ్చేదాకా ఎవరికీ తెలీదు.

ఇంకోటి, యూజర్ అడిగాడా లేదా అన్నది. మీసన్ అనే బిల్డ్ టూల్‌లో ఫీచర్ ఆప్షన్‌కు మూడు విలువలు: ఎనేబుల్డ్, డిజేబుల్డ్, ఆటో. ఆటోలో దొరక్కపోతే వదిలేయొచ్చు. ఎనేబుల్డ్ అని అడిగాక దొరక్కపోతే ఆగి తీరాలి. రిలీజ్ బిల్డుల్లో ఆటో అసలు ఉండకూడదు. జెంటూ లినక్స్ వాళ్ళు "ఆటోమాజిక్ డిపెండెన్సీ" అని తిట్టుకునేది దీన్నే. ఒకే సోర్స్, రెండు మెషిన్లు, రెండు రకాల బైనరీలు. రేపు ఆ లైబ్రరీని తీసేస్తే ప్రోగ్రామ్ లేవదు. ప్యాకేజీ మేనేజర్‌కు ఆ లింకు సంగతే తెలీదు మరి.

సీమేక్‌సాధు: సెమికోలన్ మాట సరే. కంపైలర్ లేని యూజర్ మాటేంటి? వాడికి ఫాల్‌బ్యాకే దిక్కు.

ప్యాకేజీ_పని: యూజర్ దగ్గర ఫాల్‌బ్యాక్ ఉండనివ్వండి. వీల్ (ఇన్‌స్టాల్‌కు సిద్ధంగా ఉన్న పైథాన్ ప్యాకేజీ) తయారయ్యే సీఐలో, అంటే బిల్డ్, టెస్టులు వాటంతటవే నడిచే చోట మాత్రం ఆ ఎక్స్‌టెన్షన్‌ను నేరుగా ఇంపోర్ట్ చేసే టెస్ట్ ఒకటి పెట్టండి, చాలు.

రాత్రి_సీఐ: సీఐని మరీ అంత నమ్మకండి. గిట్‌ల్యాబ్ సీఐలో అలౌ_ఫెయిల్యూర్ (పడినా పర్వాలేదన్న సెట్టింగ్) పెట్టిన జాబ్ పడిపోతే నారింజ రంగు హెచ్చరిక వస్తుంది, పైప్‌లైన్ సాగిపోతుంది. మా టీంలో ఆ నారింజను చూసి "అదెప్పుడూ అంతే" అంటారు.

బిల్డ్‌రాజు: నేను మొత్తుకునేదీ అదే. సీమేక్ అనే బిల్డ్ టూల్‌లో, లైబ్రరీని వెతికే ఫైండ్_ప్యాకేజ్‌కు రిక్వైర్డ్ అని రాయకపోతే, దొరక్కపోయినా ముందుకే పోతుంది. రాసినవాడు మరిచిపోతే అనుభవించేది యూజరా?

ప్యాకేజీ_పని: అందుకే లాగ్ కాదు, ప్రోగ్రామే చెప్పాలంటాను. వీడియో, ఆడియో ఫైళ్ళను మార్చే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌ను వెర్షన్ అడగండి, ఏ ఆప్షన్లతో కాన్ఫిగర్ చేశారో ఆ వరుసంతా చూపిస్తుంది. బగ్ రిపోర్టులో అది అతికిస్తే సగం ప్రశ్నలు అడగక్కర్లేదు.

సీమేక్‌సాధు: అందులో కనిపించేది మనం ఇచ్చిన ఆప్షన్లే కదా! ఆటోగా దొరికి కలిసిపోయినవి ఆ వరుసలో ఉండవు.

ప్యాకేజీ_పని: ఉండవు. దానికే డిజేబుల్-ఆటోడిటెక్ట్ అనే ఆప్షన్ ఉంది. అది ఇస్తే, మీరు అడగని బయటి లైబ్రరీ దానంతటది వచ్చి కలవదు.