గేర్ బాక్స్ తిరిగి ఎక్కించాక గేర్లు పడట్లేదు, మళ్ళీ దింపాల్సిందేనా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ముందు చక్రాలతో నడిచే కారు, ఐదు గేర్ల మాన్యువల్. క్లచ్ జారుతోందని బాక్స్ దింపి క్లచ్ ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ మూడూ కొత్తవి వేశాం. బాక్స్ లోపల మాత్రం ఏదీ విప్పలేదు. తిరిగి ఎక్కించాక ఇంజిన్ మామూలుగానే స్టార్ట్ అవుతోంది, గేరే పడట్లేదు. ఫస్ట్‌లోకి గట్టిగా నెడితే లివర్ వెనక్కి తంతోంది. రివర్స్ అయితే గరగరమని ఒకటే చప్పుడు. దింపక ముందు గేర్లతో ఏ ఇబ్బందీ లేదు. క్లచ్ హైడ్రాలిక్, అంటే ఫ్లూయిడ్ ఒత్తిడితో పనిచేసేది; ఆ ఒత్తిడితో క్లచ్‌ని విడదీసే స్లేవ్ సిలిండర్ బాక్స్ బయటే ఉంటుంది. మళ్ళీ దింపాలంటేనే టెన్షన్‌గా ఉంది. దింపకుండా తేల్చుకునే దారి ఏదైనా ఉంటే చెప్పండి.

జవాబు:
ఒక్క బోల్టు కూడా విప్పకండి. ముందు ఇది చెప్పండి: ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు గేర్లు పడుతున్నాయా? ఆపి ఉన్నప్పుడు అన్నీ పడి, స్టార్ట్ చేయగానే ఒక్కటీ పడకపోతే తప్పు క్లచ్ వైపు ఉంది. పెడల్ తొక్కినా క్లచ్ పూర్తిగా విడవట్లేదు కాబట్టి ఇంజిన్ తిరుగుడు బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్‌కి అందుతూనే ఉంటుంది. అలా తిరుగుతున్న షాఫ్ట్‌ని సింక్రో రింగ్ (గేరు పడే ముందు వేగాలు కలిపే రింగు) ఆపలేదు, అందుకే లివర్ తంతుంది. ఇంజిన్ ఆపినా పడకపోతే లివర్, కేబుళ్ళు, లేదా బాక్స్ లోపల గేరు మార్చే సెలెక్టర్‌ని అనుమానించాలి. ఆపి చూసేటప్పుడు ఒక్కోసారి పళ్ళు ఎదురెదురుగా నిలిచి గేరు పడదు. అప్పుడు బలం పెట్టొద్దు, బండిని కాస్త ముందుకో వెనక్కో కదిపి మళ్ళీ వేయండి.

మరో జవాబు:
కేబుళ్ళ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. గేర్ కేబుళ్ళు రెండు ఉండే బండ్లలో ఒకటి లివర్‌ని అడ్డంగా కదిపినప్పుడు, రెండోది ముందుకూ వెనక్కూ కదిపినప్పుడు పనిచేస్తుంది. బాక్స్ ఎక్కించేటప్పుడు ఇవి తారుమారు కావడం, బ్రాకెట్‌లో క్లిప్పు సరిగ్గా కూర్చోకపోవడం మామూలే. బాక్స్ మీది సెలెక్టర్ ఆర్మ్ నుంచి కేబుళ్ళు ఊడదీసి, ఆ ఆర్మ్‌నే చేత్తో కదపండి. అక్కడ గేర్లు పడితే బాక్స్ బాగున్నట్టే. అక్కడా పడకపోతే మాత్రం ఆలోచించాలి.

ప్రశ్న అడిగినవారు:
చూశానండీ. ఇంజిన్ ఆపితే రివర్స్‌తో సహా అన్ని గేర్లూ హాయిగా పడుతున్నాయి. స్టార్ట్ చేస్తే ఒక్కటీ పడదు. గేర్ ఆయిల్ జీఎల్-5 రకం పోశాం, దానివల్ల అయి ఉంటుందా?

జవాబు:
ఆయిల్ వల్ల ఇలా జరగదు. కానీ మీ బండి మాన్యువల్‌లో జీఎల్-4 అని రాసి ఉంటే తీరిక చూసుకుని మార్చేయండి. జీఎల్-5లో గంధకం, ఫాస్ఫరస్ కలిసిన మందులు ఎక్కువగా ఉంటాయి. వాటిలో కొన్ని ఇత్తడి సింక్రో రింగులకు పడవు. పైగా సింక్రోకి కావలసినంత పట్టు కూడా దొరకదు. అది నెలల మీద బయటపడే నష్టం, ఇప్పటి సమస్య వేరు.

క్లచ్ విడవట్లేదని ఖాయం చేసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. వెనక చక్రాలకు అడ్డు పెట్టి, ముందు చక్రం ఒక్కటే జాక్‌తో లేపి స్టాండ్ మీద నిలపండి. రెండూ లేపితే డిఫరెన్షియల్ (రెండు చక్రాలనూ వేరువేరుగా తిరగనిచ్చే భాగం) వల్ల ఒకటి ఇటు, ఇంకొకటి అటు తిరిగి మోసం చేస్తాయి. ఇంజిన్ ఆపి, మూడో గేరు వేసి, ఒకరు పెడల్ నేల దాకా తొక్కి పట్టుకోవాలి. ఇంకొకరు లేపిన చక్రాన్ని చేత్తో తిప్పాలి. తిరిగితే క్లచ్ విడుతున్నట్టు. బిగుసుకుని ఇంజిన్‌నే తిప్పబోతున్నట్టు అనిపిస్తే విడవట్లేదు.

ప్రశ్న అడిగినవారు:
చక్రం తిరగలేదు. పెడల్ కూడా మునుపటిలా లేదు, స్పాంజిలా దిగిపోతోంది. వరసగా గబగబా తొక్కితే కాస్త గట్టిపడుతుంది. అప్పుడు ఇంజిన్ నడుస్తుండగానే ఒకసారి ఫస్ట్ పడింది కూడా.

మరో జవాబు:
అయితే క్లచ్ ఫ్లూయిడ్ లైన్‌లో గాలి ఉంది. సందేహమే లేదు.

ఇంకొకరి జవాబు:
అంత ఖాయంగా చెప్పేయకండి. క్లచ్ ప్లేట్ తిరగబడినా ఇంతే, ఎంత తొక్కినా విడవదు. ప్లేట్ మీద ఫ్లైవీల్ వైపు ఏదో గుర్తు ఉంటుంది, చాలామంది చూడరు. స్ప్రింగులు ఉబ్బుగా ఉన్న వైపు ఎక్కువ బండ్లలో ప్రెషర్ ప్లేట్ వైపుకు రావాలి. ఎక్కించేటప్పుడు బాక్స్ బరువంతా ఇన్‌పుట్ షాఫ్ట్ మీద వేలాడదీసినా ప్లేట్ మధ్యభాగం వంగిపోతుంది. బెల్ హౌసింగ్‌కీ (క్లచ్‌ని కప్పే బాక్స్ డొప్ప) ఇంజిన్‌కీ మధ్య సందు మిగిలిందని బోల్టులు బిగించి లాగేశారంటే ఆ అనుమానం ఇంకా పెరుగుతుంది.

జవాబు:
మీరు చెప్పినవన్నీ నిజమే. కానీ అవన్నీ బాక్స్ దింపితే గాని కనబడనివి, పైగా ప్లేట్ తిరగబడితే పెడల్‌ని గబగబా తొక్కినంత మాత్రాన గేరు పడదు. ఇక్కడ తొక్కగా తొక్కగా పడింది. ముందు బయటి పని తేల్చుకుందాం. ఒకరు పెడల్ తొక్కుతుంటే స్లేవ్ సిలిండర్ దగ్గర ఫోర్క్ (రిలీజ్ బేరింగ్‌ని నెట్టే లివర్) ఎంత కదులుతోందో చూడండి. మాన్యువల్‌లో చెప్పినంత కదిలినా క్లచ్ విడవకపోతే అప్పుడు లోపలి లోపం అనుకోవచ్చు: తిరగబడిన ప్లేట్, ఫోర్క్ తన బాల్ మీది నుంచి జారడం, రిలీజ్ బేరింగ్ క్లిప్పు పట్టకపోవడం. కొంచెమే కదిలితే గాలో, పెడల్ వైపున్న మాస్టర్ సిలిండరో. పెడల్ కింద ఫ్లోర్ మ్యాట్ అడ్డం పడిందేమో కూడా చూడండి, నవ్వకండి.

బ్లీడింగ్, అంటే లైన్‌లోని గాలి బయటికి తీయడం, మామూలుగా చేసేదే. స్లేవ్ మీది నిపుల్‌కి (గాలి వదిలే చిన్న స్క్రూ) పైపు తొడిగి, బాటిల్‌లో కొంచెం ఫ్లూయిడ్ పోసి పైపు కొస అందులో మునిగేలా పెట్టి, పెడల్ తొక్కి పట్టుకున్నప్పుడు నిపుల్ వదలాలి. నిపుల్ బిగించాకే పెడల్ పైకి లేపాలి. చాలా బండ్లలో క్లచ్‌కీ బ్రేక్‌కీ ఒకటే ఫ్లూయిడ్ డబ్బా ఉంటుంది. క్లచ్‌కి వెళ్ళే గొట్టం డబ్బాలో కాస్త పైన ఉంటుంది కాబట్టి మట్టం తగ్గితే ముందు క్లచ్ గాలి పీలుస్తుంది. బ్లీడింగ్ చేస్తున్నంతసేపూ ఒకరి కన్ను దాని మీదే ఉండాలి. ఫ్లూయిడ్ డాట్ 3నో డాట్ 4నో మూత మీద ఉంటుంది. పెయింట్ మీద పడితే వెంటనే నీళ్ళతో కడిగేయండి.

ఇంత చేసినా మెత్తగానే ఉంటే స్లేవ్‌లో పైభాగాన గాలి చిక్కుకుని ఉంటుంది. అప్పుడు స్లేవ్‌ని పైపు ఊడకుండా బాక్స్ నుంచి విప్పండి. నిపుల్ బిగించే ఉంచి, పైపు వచ్చే కొస పైకి ఉండేలా పట్టుకుని రాడ్‌ని మెల్లగా లోపలికి నెట్టండి. గాలి వెనక్కి, డబ్బాలోకి బుడగలుగా వెళ్ళిపోతుంది. డబ్బా నిండుగా ఉంటే ఫ్లూయిడ్ పొంగుతుంది, ముందే కొంచెం తీసేయండి. స్లేవ్ విప్పి ఉన్నంతసేపు పెడల్ మీద కాలు పెట్టొద్దు. పెడితే పిస్టన్ బయటికి ఊడి వస్తుంది, అప్పుడు కొత్త పని మొదలవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
స్లేవ్ విప్పి రాడ్ నెట్టగానే డబ్బాలో బుడగలే బుడగలు! పెడల్ గట్టిపడింది, అన్ని గేర్లూ పడుతున్నాయి. చక్రం పరీక్ష మళ్ళీ చేశాం, సులువుగా తిరిగింది. రివర్స్ ఒక్కటి మాత్రం వెంటనే వేస్తే చిన్నగా గరగరమంటోంది. అదీ ఇందులో భాగమేనా?

జవాబు:
చాలా బాక్సుల్లో రివర్స్‌కి సింక్రో ఉండదు. క్లచ్ తొక్కి, ఇన్‌పుట్ షాఫ్ట్ ఆగడానికి రెండు మూడు సెకన్లు ఇచ్చి వేయండి. లేదా ముందు ఫస్ట్‌లో వేసి తర్వాత రివర్స్‌లోకి తీసుకోండి, ఫస్ట్ సింక్రో ఆ షాఫ్ట్‌ని ఆపేస్తుంది. అంతసేపు ఆగినా గరగర వస్తుంటే క్లచ్ ఇంకా కొంచెం పట్టుకుంటోందన్నమాట, ఇంకోసారి బ్లీడ్ చేయండి. రేపు పొద్దున డబ్బాలో మట్టం చూడండి, స్లేవ్ రబ్బరు బూటు కొంచెం ఎత్తి తడి ఉందేమో కూడా చూడండి. తడి ఉంటే స్లేవ్ సీల్ పోయినట్టు. పెడల్ మళ్ళీ మెత్తబడి, బయట ఎక్కడా తడి కనబడకపోతే మాస్టర్ సిలిండర్ లోపలి సీల్ మీద అనుమానపడాలి.