క్వార్టెట్‌లో ఐదుగురేమిటి? ‘గాయక చతుష్టయం’ అనే అనువాదం గురించి

అమెరికా నల్లజాతివారి గాస్పెల్ సంగీతంపై, అంటే వారి క్రైస్తవ భక్తి గీతాలపై, వ్యాసం అనువదిస్తున్న సభ్యులొకరు, ‘క్వార్టెట్’ (మాటకు మాటగా నలుగురి బృందం)ను ‘గాయక చతుష్టయం’ అనవచ్చునా అని అడిగారు. వ్యాకరణపరంగా ఆ సమాసంలో దోషమేమీ లేదు. అయితే ఆ మాట చదివిన పాఠకుడు వెంటనే ఫొటోలో తలలు లెక్కపెడతాడు, అక్కడ ఐదుగురో ఆరుగురో కనిపిస్తారు.

సోల్ స్టిరర్స్ అనే గాస్పెల్ బృందాన్నే తీసుకుందాం. టెక్సాస్‌లోని ట్రినిటీలో 1926లో మొదలైన ఈ బృందంలోకి 1937లో ప్రధాన గాయకుడిగా ఆర్. హెచ్. హారిస్ వచ్చారు. అంతకుముందు జూబిలీ అనే పాత పద్ధతిలో నలుగురూ కలిసి పాడేవారు. వారిలో ఒకరు ముందుకు వచ్చి పాట ఎత్తుకుంటే వెనక ముగ్గురే మిగిలి, అల్లికలో ఒక పోగు తెగిపోయేది. హారిస్ కాలంలో ఐదో గొంతును చేర్చుకుని, ఇద్దరు ప్రధాన గాయకులు ఒకరి తరువాత ఒకరు పాట అందుకుంటూ ఉంటే, వెనక నాలుగు గొంతులూ ఎప్పుడూ నిండుగా వినిపించే ఏర్పాటు చేసుకున్నారు. నాలుగు నిలవడం కోసమే ఐదోవారు వచ్చారన్నమాట. కాబట్టి గాస్పెల్‌వారి ‘క్వార్టెట్’ మనుషుల లెక్క కాదు, గొంతుల అమరిక.

ఈ తీరు మనకు కొత్తదేమీ కాదు. నూట ఎనిమిది పద్యాలున్నా శతకాన్ని శతకమనే అంటున్నాం, ఎవరూ తగాదాకు రావడం లేదు. కాని ‘శతకం’ సంఖ్యను దాటి ప్రక్రియ పేరుగా స్థిరపడింది, ‘చతుష్టయం’ ఇంకా సంఖ్యగానే ఉండిపోయింది. చిక్కంతా అక్కడే ఉంది.

‘నాలుగు స్థాయిల గానం’ అన్న మరో సూచన నాకు అసలు రుచించలేదు. మన సంగీతంలో మంద్ర, మధ్య, తార అని స్థాయిలు మూడు, అవి ఒకే గాయకుడు సంచరించే అంతస్తులు. ఇక్కడ ఒకే క్షణంలో వేర్వేరు గొంతులు వేర్వేరు స్వరాలపై నిలుస్తాయి. ఒకే రాగధారను నమ్ముకున్న సంప్రదాయంలో దీనికి పేరు లేకపోవడం సహజమే. మన చర్చి క్వయిర్లలో పాడేవారు పై గొంతు నుంచి కింది గొంతు దాకా సొప్రానో, ఆల్టో, టెనర్, బాస్ అనే మాటలనే హాయిగా వాడుకుంటున్నారు.

*ఒక సభ్యుని స్పందన:* బుర్రకథలోని ‘వంత’ సరిపోదా? ముందు ఒకరు, వెనక వంతలు ఉంటారు కదా?

*నా జవాబు:* వెనక పాడేవారికి ఇంతకన్నా దగ్గరి మాట మనకు లేదు. హారిస్ స్థానంలోకి వచ్చిన శామ్ కుక్ 1951లో, ఇరవయ్యేళ్ల వయసులో, ఈ బృందంతో స్పెషాల్టీ రికార్డ్స్ కోసం పాడిన ‘జీసస్ గేవ్ మీ వాటర్’ వినండి. బైబిల్లోని, బావి దగ్గరి సమరయ స్త్రీ కథను ఆయన తేలికైన గొంతుతో చెప్పుకుపోతూ ఉంటే, వెనకవారు పల్లవిని వదలకుండా ఆయనను మోస్తూ ఉంటారు. ‘తందాన తాన’ విన్న చెవికి ఆ బంధం ఇట్టే తెలుస్తుంది. అయితే రెండు అభ్యంతరాలున్నాయి. బుర్రకథ వంతల పాటలో నాలుగు పొరల స్వరమేళనం ఉండదు. పైగా పత్రికల పుణ్యమా అని ‘వంత పాడటం’ అంటే నాయకుడి మాటకు తలూపడమనే అర్థం బలపడిపోయింది. ఈ బృందంలోని జె. జె. ఫార్లీ బాస్ గొంతును అటువంటి మాటతో పరిచయం చేయడానికి నాకు మనసొప్పదు. రెండో ప్రధాన గాయకుడు పాల్ ఫాస్టర్ విషయంలో అది బొత్తిగా పొసగదు, ఆయన బొంగురు గొంతుతో అందుకున్నప్పుడు ముందువారెవరో వెనకవారెవరో చెప్పడం కష్టం.

అందుచేత నా సలహా ఇది. మొదటిసారి ‘నాలుగు గొంతుల అల్లికతో పాడే క్వార్టెట్ బృందం’ అని విడమరచి రాసి, ఆ తరువాత ‘క్వార్టెట్’ అని వాడుకోండి. ‘అల్లిక’ నా సొంత ఎంపిక. ఇంతకన్నా మంచి మాట తడితే ఇక్కడే రాయండి.