పాత బౌరైడర్ బోటు కొనొచ్చా? వెనక ఫ్లోరు మెత్తగా ఉంది

మాది హనుమకొండ. ఇంట్లో నలుగురం సరదాగా తిరగడానికి 17 అడుగుల పాత ఫైబర్ బౌరైడర్ చూశాం. ముందు వైపు కూడా సీట్లుండే మోటారు బోటు ఇది. పెట్రోలు ఇంజన్, 135 హార్స్ పవర్.

పైకి మెరుస్తోంది. కానీ వెనక సీటు దగ్గర అడుగు వేస్తే ఫ్లోరు మెత్తగా దిగింది. టెన్షన్ అక్కడే మొదలైంది. ఫైబర్ లోపలి చెక్క నాని ఉంటే, డ్రైవ్ (ఇంజన్ శక్తితో ప్రొపెల్లర్‌ను తిప్పే భాగం) బిగించే వెనక గోడ కూడా పుచ్చిపోయి ఉండొచ్చు కదా? తట్టి చూస్తే రెండు చోట్ల శబ్దం తేడాగా వచ్చింది. దాన్ని ఖాయంగా తేల్చుకోవడం ఎలా? గేర్ ఆయిల్ పాలలా తెల్లబడితే లోపలికి నీళ్లు వెళ్లినట్టేనని తెలుసు, అదీ, ఇంజన్ సిలిండర్ల కంప్రెషనూ (లోపలి ఒత్తిడి) మెకానిక్‌తో చూపిస్తాను. అమ్మే ఆయన మాత్రం నీళ్లలో నడిపి చూపించకముందే అడ్వాన్సు అడుగుతున్నారు. నాకు మనసొప్పడం లేదు.

పాకాల చెరువు ఉన్నది అభయారణ్యంలో కాబట్టి అక్కడ దింపే ఆలోచనే లేదు. లక్నవరం చెరువులో గానీ గోదావరిలో గానీ సొంత బోటు దింపడానికి అనుమతి ఎవరినడగాలి? 2021 ఇన్‌లాండ్ వెసెల్స్ (దేశం లోపలి జలాల్లో తిరిగే పడవల) చట్టం కింద రిజిస్ట్రేషన్ చేయించినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి. మా పాపకు ఆరేళ్లు. లైఫ్ జాకెట్ వేసినా, బోటు వేగంగా వెళ్లేటప్పుడు ముందు సీట్లో కూర్చోబెట్టొచ్చా?