సృజనాత్మక పరిశ్రమల స్పెషలైజేషన్‌తో మేనేజ్‌మెంట్ డిగ్రీ: చేరే ముందు ఏమేం చూసుకోవాలి?

ప్రశ్న

నమస్కారం. పాఠశాల చదువు ముగించి డిగ్రీలో చేరవలసిన దశలో ఉన్నాను. నేను చూస్తున్నది మూడేళ్ల మేనేజ్‌మెంట్ కోర్సు. మొదటి ఏడాది అకౌంటింగ్, అర్థశాస్త్రం, గణాంకశాస్త్రం, మార్కెటింగ్ వంటి సాధారణ పాఠ్యాంశాలు ఉంటాయి. రెండో ఏడాది నుంచి సంగీతం, సినిమా-టెలివిజన్, ఫ్యాషన్, ప్రదర్శన కళలు-మ్యూజియంలు అనే శాఖల్లో ఒకదాన్ని ఎంచుకోవాలి. సంగీతమన్నా సినిమా అన్నా నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టమే గానీ, స్వయంగా పాడాలనో సినిమా తీయాలనో కోరిక లేదు. ఒక ఆల్బమ్ గానీ ఒక చిత్రం గానీ జనం దాకా చేరే దారిలో ఎవరు డబ్బు పెడతారు, ఎవరికి ఎంత వాటా వస్తుంది, ఏది ఎప్పుడు విడుదల చేయాలో ఎవరు నిర్ణయిస్తారు అన్న విషయాలే నన్ను ఎక్కువగా ఆకట్టుకుంటాయి.

ఇంట్లో పెద్దవాళ్లు మాత్రం సాధారణ మేనేజ్‌మెంట్ డిగ్రీ చదివితే ఏ రంగంలోనైనా పని దొరుకుతుందనీ, కావాలనుకుంటే పీజీలో ఈ స్పెషలైజేషన్ తీసుకోవచ్చనీ అంటున్నారు. వారి మాట కొట్టిపారేయదగినది కాదని నాకూ తెలుసు. అసలు సృజనాత్మక రంగాల నిర్వహణలో విడిగా నేర్చుకోవలసిన విద్య ఉందా, లేక మామూలు పాఠాలకే సినిమా, సంగీతం ఉదాహరణలు జోడించి చెబుతారా? సిలబస్ చూసి ఆ తేడాను ఎలా కనిపెట్టాలి? ఈ రంగంలో చదివినవారు, పనిచేస్తున్నవారు, బోధిస్తున్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

మొదటి సమాధానం

నేను కళలకు సంబంధించిన అర్థశాస్త్రం బోధిస్తాను కనుక ఆ వైపు నుంచి చెబుతాను. బ్యాలెన్స్ షీట్ చదవడం సబ్బుల కంపెనీకైనా నాటక సంస్థకైనా ఒకే విద్య, ఆ మేరకు మీ పెద్దల మాట సరైనదే. అయితే ఖర్చు ఎలా పుడుతుంది, గిరాకీ ఎలా ఏర్పడుతుంది అన్న రెండు విషయాల్లో ఈ రంగాలు మిగిలిన వ్యాపారాల కంటే చాలా భిన్నంగా నడుస్తాయి. ఆ భిన్నత్వాన్ని నేర్పని స్పెషలైజేషన్ ఉన్నా లేనట్టే.

ఖర్చు సంగతి ముందు చూద్దాం. విలియం బామోల్, విలియం బోవెన్ అనే అమెరికన్ ఆర్థికవేత్తలు 1966లో ప్రదర్శన కళల ఆర్థిక స్థితిపై ఒక అధ్యయనం వెలువరించారు. నాలుగు తంత్రీవాద్యాల కోసం కూర్చిన అరగంట రచనను వాయించడానికి రెండు శతాబ్దాల క్రితం నలుగురు మనుషులు అరగంట సేపు కూర్చోవలసి వచ్చేది, ఇప్పుడూ అంతే. కర్మాగారాల్లో యంత్రాల వల్ల ఒక్కో మనిషి చేయగల పని పెరుగుతుంది, దానితోపాటు జీతాలూ పెరుగుతాయి. కళాకారులు ఆ వృత్తిలో నిలవాలంటే వారి పారితోషికం కూడా పెరగాలి, కానీ ఒక్కో ప్రదర్శనకు పట్టే శ్రమ తగ్గదు. అందువల్ల నాటక సంస్థలకూ వాద్యబృందాలకూ టికెట్ల ఆదాయానికీ ఖర్చుకూ మధ్య ఎడం కాలంతోపాటు పెరుగుతూనే ఉంటుంది. ఆ ఎడాన్ని ప్రభుత్వ గ్రాంట్లతో పూడ్చాలా, దాతల విరాళాలతోనా, టికెట్ ధరల్లో అంతరాలు పెట్టా అన్నదే ఆ శాఖలో నిర్వాహకుడి నిత్యకృత్యం. రికార్డు చేసిన సంగీతం, సినిమా, వీడియో గేమ్‌ల పరిస్థితి దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ మొదటి కాపీ తయారు చేయడానికే దాదాపు ఖర్చంతా అయిపోతుంది, పదివేలో కాపీకి అయ్యే అదనపు ఖర్చు ఇంచుమించు సున్నా. ఈ రెండు రకాల సంస్థలకూ ఒకే ధరల విధానం నేర్పితే విద్యార్థి ఎక్కడా పనికిరాడు.

గిరాకీ విషయం ఇంకా ఆసక్తికరమైనది. 2006లో మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ అనే పరిశోధకులు ఒక ప్రయోగ ఫలితాలను ప్రచురించారు. పేరు తెలియని బృందాల 48 పాటలను ఒక వెబ్‌సైట్‌లో ఉంచి, 14,000 మందికి పైగా శ్రోతలను వేర్వేరు సమూహాలుగా విడదీశారు. ఒక సమూహానికి పాటలు మాత్రమే కనబడ్డాయి. మిగిలిన సమూహాలకు తమ తోటివారు ఏ పాటను ఎన్నిసార్లు దించుకున్నారో కూడా కనబడింది. తోటివారి ఎంపిక తెలిసిన సమూహాల్లో ఆదరణ పొందిన పాటలకు ఆదరణ మరింత పెరిగింది, అయితే ఏ పాట పైకి వస్తుందన్నది ఒక్కో సమూహంలో ఒక్కో రకంగా తేలింది. చాలా మంచి పాటలు పూర్తిగా విఫలం కావడం అరుదు, చాలా నాసిరకం పాటలు గెలవడమూ అరుదు, మధ్యలో ఉన్న వాటి గతి మాత్రం ముందుగా చెప్పలేనిది. మార్కెట్ సర్వే చేసి గిరాకీని అంచనా కట్టడం అనే మామూలు పాఠం ఇక్కడ ఎంతవరకు పనిచేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో విద్యార్థికి తెలియాలి.

ముందుగా చెప్పలేని చోట ఏం చేయాలన్నదే అసలైన నిర్వహణ పాఠం. హార్వర్డ్ ఆర్థికవేత్త రిచర్డ్ కేవ్స్ 2000లో ఈ పరిశ్రమల ఒప్పందాలను విశ్లేషిస్తూ, పని దశలవారీగా సాగుతుందనీ, ప్రతి దశలోనూ అంతవరకు పెట్టింది తిరిగిరాని ఖర్చు అనీ, ముందుకు సాగాలా ఆపాలా అన్న నిర్ణయాధికారం ఆ దశలో ఎవరి చేతిలో ఉంటుందన్నదే ఒప్పందానికి ఆయువుపట్టు అనీ చూపించారు. నిర్మాణ సంస్థ కథ హక్కులను పూర్తిగా కొనకుండా కొంత గడువుకు ఆప్షన్ (ఆ గడువులోగా కొనుక్కునే హక్కు) తీసుకోవడం, రచయితకు చిత్తుప్రతి తర్వాత చిత్తుప్రతికి విడివిడిగా చెల్లించడం వంటి అలవాట్లన్నీ ఈ దశలవారీ స్వభావం నుంచే వచ్చాయి. మీ సిలబస్‌లో ఇలాంటి విషయాలు కనబడితే అది నిజమైన స్పెషలైజేషన్. పరిశ్రమ చరిత్ర, ప్రముఖుల విజయగాథలు, బ్రాండింగ్ మాత్రమే కనబడితే ఆలోచించుకోండి.

రెండవ సమాధానం

పై సమాధానంతో ఏకీభవిస్తూ, నేను పనిచేసే చోటి నుంచి ఒక విషయం చేర్చాలనుకుంటున్నాను. సంగీత హక్కుల నిర్వహణ నా వృత్తి. ఈ రంగంలో అమ్మేదీ కొనేదీ చివరికి హక్కులే కనుక, కాపీరైట్, ఒప్పందాలు తప్పనిసరి పాఠ్యాంశాలుగా లేని కోర్సును నేనైతే ఎంచుకోను.

రికార్డు చేసిన ఒకే పాటలో రెండు వేర్వేరు హక్కులుంటాయన్న సంగతి చాలామంది అభిమానులకు తెలియదు. పాట రచన, బాణీలపై హక్కు ఒకటి, ఆ ధ్వనిముద్రణపై హక్కు మరొకటి. ఒక చిత్రంలో గానీ ప్రకటనలో గానీ పాత రికార్డింగును వాడాలంటే ఇద్దరి అనుమతీ కావాలి. అదే పాటను కొత్త గొంతుతో మళ్లీ రికార్డు చేయించుకుంటే రెండో అనుమతి అవసరం తప్పుతుంది, మొదటిది తప్పదు. అంతర్జాతీయంగా చూస్తే 1886 నాటి బెర్న్ ఒప్పందం ప్రకారం సాధారణంగా రచయిత జీవితకాలం, ఆపైన కనీసం 50 ఏళ్ల రక్షణ ఉండాలి. చాలా దేశాలు దాన్ని 70 ఏళ్లకు పెంచాయి. గాయకులు, వాద్యకారులు, ధ్వనిముద్రణ నిర్మాతలు, ప్రసార సంస్థల హక్కులు వేరే దారిలో, 1961 నాటి రోమ్ ఒప్పందం ద్వారా వచ్చాయి. ఈ చట్రం అర్థమైన విద్యార్థికి ఏ దేశపు చట్టాన్నైనా తర్వాత తేలికగా చదువుకునే శక్తి వస్తుంది.

లెక్క కూడా చేయడం రావాలి. ఉదాహరణకు ఒక గాయనికి కంపెనీ 30 యూనిట్ల అడ్వాన్స్ ఇచ్చి, రికార్డింగుకు మరో 30 ఖర్చు చేసిందనుకోండి. ఒప్పందంలో రాయల్టీ 15 శాతం అనీ, ఆ రెండు మొత్తాలూ ఆమె రాయల్టీ నుంచే రాబట్టుకోవాలనీ ఉందనుకోండి. 60 యూనిట్ల రాయల్టీ పోగుపడాలంటే మొత్తం ఆదాయం 400 యూనిట్లు కావాలి. అప్పటికి కంపెనీకి, ప్రచారం వంటి ఇతర ఖర్చులు తీయక ముందు, 340 మిగులుతుంది. గాయని చేతికి మొదట వచ్చిన 30 మాత్రమే ఉంటుంది. ఇది న్యాయమా కాదా అన్నది ఆ కంపెనీ ఎన్ని విఫలమైన ఆల్బమ్‌ల నష్టాన్ని మోసిందన్న దాన్ని బట్టి ఉంటుంది, ఆ ప్రశ్నపై నిజాయితీగా వాదోపవాదాలు జరగాలి. ఏమైనా ఈ చిన్న లెక్కను ఒప్పందంలోని వాక్యాల నుంచి స్వయంగా కట్టగలిగిన పట్టభద్రుడు కళాకారుడికీ కంపెనీకీ ఇద్దరికీ కావలసినవాడు. సినిమాలోనూ ఇదే తంతు మరింత పొడవుగా ఉంటుంది: థియేటర్ల వాటా, పంపిణీదారు కమీషన్, పంపిణీ ఖర్చులు, అప్పు ఇచ్చినవారు, పెట్టుబడిదారులు, ఆ తర్వాతే లాభంలో వాటా రాయించుకున్నవారు. ఆ వరుసలో తాము ఎక్కడ నిలబడ్డామో తెలియకుండా సంతకాలు చేసేవారు ఇప్పటికీ ఉండడం నాకు బాధ కలిగిస్తుంది, మీలాంటివారు ఈ వైపు రావాలని కోరుకోవడానికి అదొక కారణం.

మూడవ సమాధానం

నేను కొంత భిన్నంగా ఆలోచిస్తాను. పైన ఇద్దరూ చెప్పినవి విలువైన విషయాలే, కానీ అవి ఒకటి రెండు సెమిస్టర్లలో నేర్వగలిగినవి. గణాంకశాస్త్రం, ఫైనాన్స్, కాస్ట్ అకౌంటింగ్ మాత్రం డిగ్రీ వయసులో పట్టుబడకపోతే తర్వాత పట్టుబడడం కష్టం. స్పెషలైజేషన్ కోసం వీటిలో దేనినైనా కుదించిన కోర్సు అయితే మీ పెద్దల మాట వినండి. కుదించకపోతే నాకు అభ్యంతరం లేదు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. నేను చూస్తున్న కోర్సులో ఫైనాన్స్, గణాంకశాస్త్రం రెండో ఏడాదిలోనూ కొనసాగుతాయి, మేధో సంపత్తి హక్కులు తప్పనిసరి పాఠ్యాంశంగా ఉంది. ఇక మిగిలిన సందేహం శాఖ గురించి. సంగీతమో సినిమానో తీసుకుంటే మిగిలిన రంగాల తలుపులు మూసుకుపోతాయా? ఇంటర్న్‌షిప్‌ను దేని ఆధారంగా ఎంచుకోవాలి?

నాలుగవ సమాధానం

ఇలాంటి డిగ్రీనే చదివి ఇప్పుడు ఒక నాటక సంస్థలో కార్యక్రమాల నిర్వహణ చూస్తున్నాను. నేను చదివింది సినిమా-టెలివిజన్ శాఖ, పనిచేస్తున్నది ప్రదర్శన కళల్లో, కాబట్టి తలుపులు మూసుకుపోతాయన్న భయం అక్కర్లేదు. అసలు ఈ రంగాలన్నిటినీ ఒకే గొడుగు కిందికి తెచ్చిన ప్రయత్నం కూడా అంత పాతది కాదు. బ్రిటన్ సంస్కృతి శాఖ 1998లో సృజనాత్మక పరిశ్రమలంటూ 13 రంగాలను గుర్తించినప్పుడు ప్రకటనలు, వాస్తుశిల్పం, హస్తకళలు, ఫ్యాషన్, సినిమా, సంగీతం, పుస్తక ప్రచురణ, కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ అన్నీ ఒకే జాబితాలో చేరాయి. వాటి మధ్య రాకపోకలు ఉద్యోగాల్లో సహజంగానే జరుగుతుంటాయి.

అయినా శాఖల మధ్య ఒక తేడాను గమనించి ఎంచుకోండి. ఏ శాఖలో డబ్బు ఏ వేగంతో తిరుగుతుందన్నది అక్కడి పని స్వభావాన్ని నిర్ణయిస్తుంది. ఫ్యాషన్‌లో సరుకు సీజన్ ముందే కొనాలి, సీజన్ మధ్యలో ఎంత శాతం అసలు ధరకు అమ్ముడైందో చూసి తగ్గింపు ఎప్పుడు మొదలుపెట్టాలో తేల్చాలి. అంకెలతో వారం వారం కుస్తీ పట్టడం ఇష్టమైనవారికి అది బాగుంటుంది. సినిమాలో ఒక్క నిర్ణయం ఏళ్ల తరబడి డబ్బును కట్టిపడేస్తుంది, ఓపిక కావాలి. ఉత్సవాలు, కచేరీల నిర్వహణలో వేదిక అద్దె, కళాకారుల అడ్వాన్సులు ముందే చెల్లించాలి, టికెట్లు మాత్రం చాలావరకు ఆఖరి రోజుల్లో అమ్ముడవుతాయి. లాభంలో ఉన్న కార్యక్రమం కూడా నగదు అందక మధ్యలో చిక్కుకోవచ్చు. మ్యూజియంలలో దాత ఫలానా పనికే అని ఇచ్చిన డబ్బును మరో పనికి మళ్లించకూడదు, కాబట్టి ఖాతాలో నిధులున్నా కరెంటు బిల్లుకు వెతుక్కునే పరిస్థితి రావచ్చు. మీకు ఇష్టమైన కళ ఏది అన్న ప్రశ్నతోపాటు ఈ నాలుగింటిలో ఏ ఒత్తిడి మీ స్వభావానికి సరిపడుతుందన్న ప్రశ్న కూడా వేసుకోవాలని నా అభిప్రాయం. శ్రోతగా ప్రేమించిన రంగంలో పని నచ్చక వెళ్లిపోయిన సహాధ్యాయులను చూశాను.

ఇంటర్న్‌షిప్ విషయంలో సంస్థ పేరుకు నేను పెద్దగా ప్రాధాన్యం ఇవ్వను. పెద్ద సంస్థలో సోషల్ మీడియా పోస్టులు పెట్టే పని కంటే, చిన్న బృందంలో ఒక ప్రదర్శన బడ్జెట్‌ను మొదటి అంచనా నుంచి చివరి లెక్క దాకా వెన్నంటి చూసే అవకాశం ఎక్కువ నేర్పుతుంది. అంచనా వేసిన అంకెలకూ నిజంగా అయిన ఖర్చుకూ తేడా ఎక్కడెక్కడ వచ్చిందో రాసిపెట్టుకుంటే, తర్వాత ఉద్యోగం ఇచ్చేవారి ముందు చూపించడానికి దానికంటే మంచి పత్రం ఉండదు. పారితోషికం ఉంటుందా లేదా అని ముందే అడగండి. ఈ రంగంపై ప్రేమను ఆసరాగా చేసుకుని యువతతో ఊరికే పనిచేయించుకోవడం మామూలైపోయింది, అది న్యాయం కాదు.

చేరే ముందు విభాగానికి ఉత్తరం రాసి, గత సంవత్సరాల ఆఖరి ప్రాజెక్టుల శీర్షికలు పంపగలరా అని అడగండి. అవి ఎక్కువగా ఒక ప్రసిద్ధ బ్రాండు మార్కెటింగ్‌పై వ్యాసాలైతే ఒక సంగతి. ఒక వాద్యబృందానికి మూడేళ్ల నిధుల ప్రణాళిక, ఒక డాక్యుమెంటరీకి హక్కుల పరిశీలన, ఒక చిన్న మ్యూజియం ప్రవేశ రుసుముపై విశ్లేషణ వంటివైతే మరో సంగతి. మీరు తీసుకోని శాఖ నుంచి ఒకటి రెండు పాఠ్యాంశాలు ఐచ్ఛికంగా చదవడానికి అనుమతి ఉందేమో కూడా అదే ఉత్తరంలో అడగండి. సంగీతం తీసుకుని సినిమా ఫైనాన్స్ ఒక సెమిస్టర్ చదవగలిగితే, మీ ప్రశ్నలో చెప్పిన ఆసక్తికి అంతకంటే సరిపోయే కలయిక నాకు తోచడం లేదు.